మూడు బొట్ల బానెట్

నేను ఒక కారు బానెట్‌ని. ఇనుప బానెట్‌ని మాత్రం కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత తెలిసినప్పుడు మనుషుల మొహాలు ఎలా మారతాయో నేను చాలాసార్లు చూశాను. దగ్గరికొచ్చి వేళ్ళతో కొట్టి చూస్తారు. ఖంగుమంటాననుకుంటే డబ్బుమంటాను. "ఓహో, ఫైబరా!" అంటారు. ఆ ఓహోలో ఉండే చిన్నచూపు నాకు అలవాటైపోయింది. కానీ ఇప్పుడు నేను సిగ్గుపడుతూ చెప్పుకోబోయేది నా పుట్టుక గురించి కాదు, నా ముక్కు మీద వరసగా ఉన్న మూడు మచ్చల గురించి. నేనిప్పుడు ఏ కారుకీ లేను. విజయవాడ ఆటోనగర్లో తాతారావు మేస్త్రి షెడ్డు గేటుకి, వచ్చేపోయే వాళ్ళందరికీ కనబడేటట్టు, ఇనుప తీగలతో వేలాడుతున్నాను.

నేను పుట్టింది కంకిపాడు దారిలో ఒక రేకుల షెడ్డులో. నన్ను చేసినవాడి పేరు గాబ్రియేలు. పార్కుల్లో నోరు తెరుచుకుని చెత్త మింగే కుందేళ్ళు, పిల్లలెక్కే జారుడుబల్లలు, బాత్రూం తలుపులు, ఇవీ నా తోబుట్టువులు. ఇనుమైతే గని, కొలిమి అంటూ వంశం చెప్పుకుంటుంది. నాకేముంది? గాజు పీచు, దాని మీద పోసిన జిగురు, ఆ జిగురు ఘాటుకి గాబ్రియేలు కార్చిన కన్నీళ్ళు. అచ్చుకి అంటుకుపోకుండా ముందుగా అచ్చు లోపలంతా మైనం పూస్తారు. కాబట్టి నేను మొహాన మైనంతోనే పుట్టాను. ఆ మైనం పూర్తిగా వదిలిస్తే తప్ప నా మీద ఏ రంగూ నిలవదు.

ఇంకో లోపం కూడా ఉంది. జిగురు పొయ్యడంలో సన్నటి గాలి బుడగలు నాలో చిక్కుకుపోయాయి. పైకి నున్నగానే కనిపిస్తాను. గరుకు కాగితం పెట్టి రుద్దితే ఆ బుడగలన్నీ చిట్లి, సూదిమొనంత రంధ్రాలు బయటపడతాయి. వాటిమీద ఏది పడితే అది తాగేస్తాయి. నీళ్ళయితే ఆరిపోతాయి కానీ నూనె ఆరదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, నా కథంతా దీని మీదే నడుస్తుంది.

నన్ను చేయించినవాడు పాండురంగం. పెళ్ళిళ్ళకి షామియానాలు, కుర్చీలు, పెళ్ళికొడుకు ఊరేగడానికి గుర్రమూ అద్దెకిస్తాడు. గుర్రం ముసలిదైపోయి బ్యాండు మోతకి బెదరడం మొదలుపెట్టింది. ఒకసారి పెళ్ళికొడుకుని తీసుకెళ్ళి అరటిపళ్ళ బండిలో దింపింది. అప్పటినుంచి ఆయనకి కారు పిచ్చి పట్టుకుంది. ఒక పాత కారు కొని, పైకప్పు కోయించి, రాజులనాటి కారులా కనబడేలా చుట్టూ ఫైబర్ ఒళ్ళు చేయించాడు. మడ్‌గార్డులు, తలుపులు, వెనక డిక్కీ, ముందు పొడుగాటి ముక్కుతో నేను. పెళ్ళికొడుకు కూర్చునేది వెనక సీట్లో అయినా ఫోటోలో ముందు పడేది నేనేనని నాకు అప్పట్లో చాలా గర్వంగా ఉండేది.

రంగు వేసే పని తాతారావు మేస్త్రికి ఒప్పజెప్పారు. ఆయన జీవితమంతా ఇనుముతోనే గడిచింది. సొట్టలు పడ్డ లారీ క్యాబిన్లు ఆయన చేతిలోంచి అద్దాల్లా బయటికొచ్చేవని ఆటోనగరంతా చెప్పుకునేది. రంగు వేసే ముందు కళ్ళు మూసుకుని అరచేత్తో ఒంటినంతా తడిమి చూసేవాడు. ఎక్కడైనా తేడా ఉంటే ఆ చెయ్యి ఆగిపోయేది. ఆ చేతి మీద ఆయనకున్న నమ్మకం కాస్త ఎక్కువే. నన్ను ట్రాలీ ఆటోలోంచి దించుతూ గాబ్రియేలు, "అన్నా, ఇది ఇనుము లాంటిది కాదు, జాగ్రత్త. తాగేస్తది," అని చెప్పబోయాడు.

"లారీలకి రంగేసినోణ్ణి, ఈ అట్టముక్కకి వెయ్యలేనా? నువ్వెళ్ళి నీ కుందేళ్ళ సంగతి చూసుకో," అన్నాడు తాతారావు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే, బాజీ. గాబ్రియేలుని పక్కకి తీసుకెళ్ళి ఏం చెయ్యాలో అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

బాజీ ఆ షెడ్డులో రుద్దుడు పనివాడు. మీసాలు రాకముందే తాతారావు దగ్గర చేరాడు, ఇప్పుడు ఇద్దరాడపిల్లల తండ్రి. రంగు కొట్టేది మేస్త్రి కాబట్టి పేరు మేస్త్రికి వస్తుంది. ఆ రంగు పడటానికి ఒంటిని సిద్ధం చేసేది బాజీ. మేస్త్రిని ఆ కుర్రతనం నుంచీ 'బాబాయ్' అనే పిలిచేవాడు. తాతారావుకి కూడా అతనంటే కన్నకొడుకంత అభిమానం. ఇది ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు కానీ టిఫిను పొట్లం విప్పితే రెండు ఇడ్లీలు అతనికి తీసి పెట్టిగానీ తినేవాడు కాదు.

బాజీ నన్ను ముందు సబ్బునీళ్ళతో కడిగాడు. కడిగి, పైన మంచినీళ్ళు పోసి చూశాడు. నీళ్ళు పూసల్లా విడివిడిగా నిలబడ్డాయి. "మైనం ఇంకా ఉంది," అని మళ్ళీ కడిగాడు. నీళ్ళు పలచగా పరుచుకుని జారిపోయేదాకా వదల్లేదు. తర్వాత మైనం వదిలించే మందులో తడిపిన గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు రుద్దడం మొదలుపెట్టాడు. అరిగిపోయిన హవాయి చెప్పు ముక్కకి కాగితం చుట్టి, ముందు గరుకుది, తర్వాత సన్నది. నన్ను రుద్దినప్పుడు లేచేది మామూలు దుమ్ము కాదు, గాజు నలుసులు. అవి చర్మంలో దిగితే దురద అంతా ఇంతా కాదు. బాజీ చేతులు మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు తేలాయి.

ఆటోనగర్లో ఈ దురదకి అందరికీ తెలిసిన మందు కొబ్బరినూనె. గేటు పక్కన టీ కొట్టు నడిపే నాగేంద్రమ్మ చూడలేక సీసా తెచ్చింది. "ఒరే బాజీ, ఆ చేతులకి కాస్త రాసుకోరా. గీరుకుని గీరుకుని రక్తాలొస్తన్నాయి."

"వద్దు పిన్నీ. రంగు పడేదాకా నేను నూనె ముట్టుకోను. దీనికి నూనె తగిలితే పని చెడుద్దంట," అన్నాడు బాజీ.

తాతారావు అటుగా వెళ్తూ ఈ మాట విన్నాడు. ఆగి, ముసిముసిగా నవ్వి, "చూశావా నాగేంద్రమ్మా, నా దగ్గర పెరిగినోడు ఎట్టా ఉంటాడో!" అన్నాడు. ఆ మాట ఆయన అన్నాడని, అంటే ఆయనకి అంతా తెలుసని, మీరు మర్చిపోకూడదు. ఆయనే మర్చిపోయాడు.

ఇక ఆయన ఆచారం సంగతి. ఏ బండికైనా తొలి కోటు వేసే రోజు పొద్దున్నే తాతారావు దాని మొహానికి బొట్టు పెట్టేవాడు. పొడి కుంకుమ నున్నటి ఇనుము మీద నిలవదని, దీపారాధన నూనెలో కుంకుమ కలిపి, ఉంగరపు వేలితో వరసగా మూడు బొట్లు. ఆయన గురువు నేర్పిన పద్ధతి అది. తర్వాత కొబ్బరికాయ కొట్టి, తొలి చెక్క ఆ ఒంటిని రుద్దిన చేతికిచ్చేవాడు. బాజీ దాన్ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకునేవాడు. మధ్యాహ్నం థిన్నరు గుడ్డతో తుడిస్తే ఇనుము మీది బొట్టు మాయమైపోయేది. ఇన్నేళ్ళలో దాంతో ఒక్క బండికీ ఏ ఇబ్బందీ రాలేదు.

నాకూ పెట్టాడు. రుద్దుడు పూర్తయి, రంధ్రాల నోళ్ళన్నీ తెరుచుకుని ఉన్న నా మీద, ముక్కు దగ్గర, మూడు బొట్లు. ఆ క్షణాన నాకు ఎంత ఆనందమేసిందో! చెత్తడబ్బాల చెల్లెల్ని, నాకు కుంకుమబొట్టు. ఆ ఆనందంలో చుక్క నూనె వదలకుండా తాగేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. బాజీ ఒక్క అడుగు ముందుకేసి, "బాబాయ్, నూనె..." అన్నాడు. కానీ అది దేవుడి పని. తనలాంటి వేరే మతంవాడు మధ్యలో అడ్డు చెబితే బాగుండదనుకున్నాడో ఏమో, మిగతా మాట మింగేసి చేతులు కట్టుకుని వెనక్కి జరిగాడు. కొబ్బరిచెక్క ఎప్పటిలాగే అందుకున్నాడు.

మధ్యాహ్నం మేస్త్రి థిన్నరు గుడ్డతో నన్ను తుడిచాడు. పైన కనబడే ఎరుపు పోయింది. లోపలికి దిగిన నూనె పోకపోగా, థిన్నరుతో కలిసి నా ముక్కంతా పాకింది. అడుగు కోటు వేసినప్పుడే నా మొహం మీద కాస్త తేడాగా ఉంది. "రంగు కోటులో కలిసిపోద్దిలే," అన్నాడు తాతారావు. మర్నాడు రంగు కోటుకి పాండురంగాన్ని పిలిపించాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళని కూడా తనే కేకేశాడు. ఫైబరు మీద తాతారావు చెయ్యి ఎలా ఆడుతుందో చూడాలని వాళ్ళంతా వచ్చి నిలబడ్డారు.

తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ అన్నీ వెన్నముద్దల్లా తేలాయి. ఆఖరున నేను. రంగు నా ముక్కు మీద పడగానే అక్కడక్కడా విడిపోయి వెనక్కి జరిగింది. చేపకళ్ళలాంటి గుంటలు లేచాయి. ఇంకో పూత వేశాడు. గుంటలు పెద్దవయ్యాయి. పాండురంగం ఉంగరాల చేత్తో నోరు మూసుకుని కిసుక్కుమన్నాడు. "ఏం మేస్త్రీ, నా కారుకి మశూచి పోసిందే!"

అందరూ గొల్లుమన్నారు. తాతారావుకి తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వు తన మీదనుంచి ఇంకెవరి మీదకైనా పోవాలి, అదీ అప్పటికప్పుడు పోవాలి. పక్కనే బాజీ ఉన్నాడు.

"చేతులకి కొబ్బరినూనె రాసుకుని ముట్టుకున్నావు కదరా?" అని అరిచాడు.

"లేదు బాబాయ్."

"లేదంటే ఈ చేపకళ్ళు ఊరికే పడ్డాయా? నూనె చేతుల వెధవా! ఇన్నేళ్ళు నేర్పింది ఇందుకేనా?"

నాగేంద్రమ్మ టీ గ్లాసులు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. "అదేంటి మేస్త్రీ, ఆ పిల్లోడు నూనె వద్దన్నాడు గదా..." అంది.

"నువ్వెళ్ళి టీ చూసుకో!" అన్నాడు తాతారావు. ఆవిడ మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది.

బాజీ చేతుల వైపు ఒక్కసారి చూసి ఉంటే చాలు. నూనె తగిలిన చేతులు అలా పగిలి ఉండవు. మేస్త్రి అటు చూడలేదు. బాజీ చూపించనూ లేదు. మడిచి ఉన్న చొక్కా చేతుల్ని నెమ్మదిగా కిందికి లాక్కుని, దద్దుర్లు కనబడకుండా బొత్తాలు పెట్టుకున్నాడు. చెప్పు ముక్కని నీళ్ళలో కడిగి, డ్రమ్ము మీద ఆరబెట్టాడు. "వస్తాను మేస్త్రిగారూ," అన్నాడు. బాబాయ్ అనలేదు. ఆ తేడా తాతారావు చెవిన పడింది, నేను చూశాను.

ఆటోనగర్లో పేరు పడటానికి ఎంతోసేపు పట్టదు. సాయంత్రానికల్లా అతను 'నూనె చేతుల బాజీ' అయిపోయాడు. రంగు షెడ్లవాళ్ళెవరూ తమ బండి మీద అతని చెయ్యి పడనివ్వలేదు. చివరికి ఆ కొసనున్న సర్వీసు షెడ్డులో లారీల కింద మట్టి కడిగే పని దొరికింది. అద్దంలాంటి ఒళ్ళు తయారుచేసిన చేతులకి గ్రీజూ బురదా మిగిలాయి. అతని పెద్దపిల్ల బడిలో కూడా ఎవరో ఆ పేరుతో ఏడిపించారని నాగేంద్రమ్మ గట్టిగా, గేటు లోపలికి వినబడేట్టు చెప్పింది.

తాతారావు నన్ను మళ్ళీ మొదట్నుంచి గీకాడు. ఈసారి తనే రుద్దాడు. సాయంత్రానికి ఆయన చేతులు మంట పెట్టాయి. గోడ మీద పెట్టిన కొబ్బరినూనె సీసా వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. రంగు పడేదాకా వద్దనుకున్నాడు. అలా అనుకున్నప్పుడు, ఇదే మాట ఇంకెవరో అన్నట్టు గుర్తొచ్చిందేమో, కాసేపు మెట్టు మీద కూర్చుని చేతులు గీరుకుంటూ ఉండిపోయాడు. తర్వాత లేచి తల విదిలించుకుని పనిలో పడ్డాడు. మనుషులకి ఈ తల విదిలించుకోవడం ఒక గొప్ప సౌకర్యం.

తొలి కోటు రోజు బొట్టు మరింత భక్తిగా పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. తొలి చెక్క చేతిలో పట్టుకుని అలవాటుగా పక్కకి చాపితే అక్కడ ఎవరూ లేరు. దాన్ని కిటికీలో పెట్టాడు. థిన్నరు వల్లే పాడైందేమోనన్న అనుమానంతో ఈసారి బొట్టుని పొడిగుడ్డతో ఒత్తి తీశాడంతే. ఎవరినీ పిలవలేదు. షట్టరు దించి, లైటు వేసుకుని, ఒక్కడే రంగు కొట్టి, చూసే ధైర్యం లేక ఇంటికి పోయాడు.

పొద్దున షట్టరెత్తగానే ఎండ నేరుగా నా మీద పడింది. ఒళ్ళంతా నున్నగా ఉంది. ముక్కు దగ్గర మాత్రం మూడు చోట్ల రంగు విడిపోయి, మూడు గుండ్రటి గుంటలు. ఒకటి మధ్యలో, చెరో పక్కా ఒకటి. తాతారావు దగ్గరికొచ్చి వంగి చూశాడు. తర్వాత ఉంగరపు వేలు తీసుకొచ్చి మధ్య గుంటలో పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. పక్కదాంట్లో పెట్టాడు. మూడోదాంట్లో పెట్టాడు, అదీ సరిపోయింది. ఏ బండినైనా కళ్ళు మూసుకుని తడిమి తప్పు పట్టుకునే చెయ్యి అది. తన తప్పుని తనే పట్టుకుంది.

అప్పుడే నాగేంద్రమ్మ టీ తెచ్చింది. "మళ్ళీ వచ్చాయా? నాకు తెలీక అడుగుతాను మేస్త్రీ, తలుపులూ మడ్‌గార్డులూ రుద్దింది కూడా బాజీ చేతులే గదా? వాటికంటని నూనె దీనికే ఎట్టా అంటింది?"

ఆవిడ కావాలనే అడిగిందో అమాయకంగానే అడిగిందో గాని, నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఉన్నది ఇద్దరే. పైగా ఆవిడ ముందు నుంచీ అతని పక్షమే. తాతారావు ఉంగరపు వేలిని పిడికిట్లో దాచుకున్నాడు. "వాడి నూనే. లోపలికి ఇంకిపోయింది," అన్నాడు.

మొదటిసారి కోపంలో నోరు జారాడనుకోవచ్చు. ఇది మాత్రం తెలిసి చెప్పిన అబద్ధం. ఎండలో నిలబెట్టినందుకు కాక, ఆ మాట అంటుంటే సాక్ష్యం నా మొహం మీదే ఉండి కూడా నోరు పెగలనందుకు నా ఒళ్ళు ఉడికిపోయింది. తాతారావుకి టీ సయించలేదు. గ్లాసు అలాగే పెట్టేసి, భుజం మీద తువ్వాలు వేసుకుని బయటికి నడిచాడు.

ఆయన వెళ్ళింది సర్వీసు షెడ్డుకి. అక్కడ జరిగింది నేను చూడలేదు. తర్వాత ఆయనే నాగేంద్రమ్మతో చెప్పుకుని కళ్ళు తుడుచుకుంటుంటే విన్నాను. బాజీ లారీ కింద పడుకుని మట్టి గీకుతున్నాడట. పక్కన పనివాళ్ళు ఉన్నారని, "ఓసారి ఇట్రారా," అంటూ లారీ వెనక్కి, టైర్లు పేర్చిన చోటికి పిలిచాడట. గొంతు బాగా తగ్గించి, "నీ తప్పేం లేదురా. ఆ నూనె నాదే, బొట్టుది. వచ్చెయ్," అన్నాడట.

బాజీ చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడట. అతనికి కోపం కూడా రాలేదట. "నన్నన్నప్పుడు పదిమందిని పిలిచి అన్నారు మేస్త్రిగారూ. ఇప్పుడేమో టైర్ల చాటున చెబుతున్నారు. ఇది నాకు ముందే తెలుసు. నాకు చెప్పేదేముంది?" అని మళ్ళీ లారీ కిందికి వెళ్ళిపోయాడట.

వెనక్కొచ్చిన తాతారావు ఆ పూట షెడ్డులో ఒక మూల కూర్చుండిపోయాడు. పాండురంగం ఫోను చేశాడు. ముహూర్తాలు దగ్గరపడుతున్నాయని కేకలేశాడు. గాబ్రియేలు కొత్త బానెట్ చేసి పంపుతానన్నాడు. ఇక నాతో పనేముంది? పాత సామాను కొనేవాణ్ణి పిలిస్తే అతను నన్ను వేళ్ళతో కొట్టి చూసి, "ఇనుమైతే ఇవ్వు. ఇది ఊరికే ఇచ్చినా వద్దు," అని పోయాడు. తుక్కులో చేరడానికి కూడా పనికిరానని తెలిసి నేను కుంచించుకుపోయాను.

తాతారావు లేచి ఇనుప తీగ తెచ్చాడు. నా మడతబందుల రంధ్రాల్లోంచి తీగ దూర్చి, నన్ను భుజానికెత్తుకుని గేటు దగ్గరికి నడిచాడు. మూడు గుంటలూ బయటికి కనబడేటట్టు, మనిషి తల ఎత్తులో కట్టాడు. టీల వేళ అది. నాగేంద్రమ్మ కొట్టు ముందు షెడ్లవాళ్ళంతా ఉన్నారు. పాండురంగం కూడా పోట్లాడటానికి వచ్చి, టీ ఇస్తే తాగుతున్నాడు.

"ఇదేంటి మేస్త్రీ, దిష్టిబొమ్మా?" అన్నాడు ఎవరో.

తాతారావు చొక్కాకి చెయ్యి తుడుచుకుని, నా వైపు తిరిగి, ఉంగరపు వేలు ఒక్కో గుంటలో పెట్టి చూపించాడు. "ఇవి నా వేలి గుర్తులు. బొట్టు పెట్టేటప్పుడు నూనె నేనే అంటించాను. ఇనుము లాంటిదే గదా అనుకున్నాను. బాజీ చేతుల్లో నూనె లేదు. దురద పుట్టి రక్తాలొచ్చినా రాసుకోలేదు. అది నాకు తెలుసు. తెలిసీ అన్నాను. ఆ రోజు మీ అందరి ముందూ అన్నది కోపంతో. ఇవాళ పొద్దున నాగేంద్రమ్మతో మళ్ళీ అన్నాను, అది మాత్రం పిరికితనంతో," అన్నాడు.

పాండురంగం ఊరుకోలేని మనిషి. "అయితే నూనె చేతులు నీవేనన్నమాట!" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు తప్పించుకోవడానికేగా ఆయన ఒక మనిషిని బలిచ్చింది. ఇప్పుడు తలొంచుకుని నిలబడి, ఆ నవ్వు పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

"అవును, నావే," అన్నాడు.

ఆ పేరు ఆయనకి అంటుకుంది. ఇప్పటికీ కొందరు చాటున నూనెబొట్టు తాతారావు అంటారు. ఆయన విన్నా విననట్టే ఉంటాడు.

నాగేంద్రమ్మ ఆ సాయంత్రమే కొట్టు కట్టేసి సర్వీసు షెడ్డుకి వెళ్ళింది. కొత్త బానెట్ వచ్చిన మర్నాడు బాజీ వచ్చాడు. గేటు దగ్గర ఆగి నా వైపు చూశాడు. పగుళ్ళు మానుతున్న చేత్తో నా ముక్కు తడిమాడు. గుంటల దగ్గర చెయ్యి ఆగింది. లోపలికి వెళ్ళి, "కొత్త బానెట్ కడిగారా మేస్త్రిగారూ?" అన్నాడు.

"లేదు. అది నీ పని గదా," అన్నాడు తాతారావు. డ్రమ్ము మీద ఆరబెట్టిన చెప్పు ముక్క అక్కడే ఉంది.

కొత్త బానెట్‌కి బొట్టు పెట్టలేదు. కుంకుమ గుమ్మానికి పెట్టాడు. దేవుడికి అందులో అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు. కొబ్బరికాయ కొట్టి తొలి చెక్క చాపితే, బాజీ, "చేతులు తడిగా ఉన్నాయి, అక్కడ పెట్టండి మేస్త్రిగారూ," అన్నాడు. అతని చేతులు పొడిగానే ఉన్నాయి. తాతారావు ఆ చెక్కని డ్రమ్ము మీద పెట్టి పక్కకి జరిగాడు. ఆ కారు వెన్నరంగులో మెరిసిపోతూ పెళ్ళిళ్ళకి వెళ్ళిపోయింది. నా చోట ఇంకొకరు ఫోటోల్లో పడుతున్నారు. నేను ఒక్క పెళ్ళి కూడా చూడలేదు.

గేటుకి వేలాడటం మొదట్లో నాకు నరకంగా ఉండేది. మచ్చలున్న మొహం చూపించుకుంటూ ఎన్నాళ్ళని? పైగా మనుషులు కథని ఎక్కువ కాలం గుర్తుపెట్టుకోరు. గుంటల్ని మాత్రం చూస్తారు. వరసగా మూడు చుక్కలు, ఎత్తున కట్టి ఉంది, కింద మేస్త్రి తలొంచుకుని నిలబడుతుంటాడు. ఇంకేం, మహిమగల వస్తువే అయి ఉంటుందనుకుంటారు. ఒకాయన నాకు దణ్ణం పెట్టి బండెక్కాడు. ఇంకొకాయన నిమ్మకాయ కట్టిపోయాడు. తప్పుకి గుర్తుగా కట్టినదాన్ని దేవుణ్ణి చెయ్యడం వీళ్ళకి చిటికెలో పని. అలా ఎవరు దణ్ణం పెట్టినా తాతారావు లోపలినుంచి పరుగున వచ్చి, నిమ్మకాయ విప్పేసి, మొదట్నుంచి మొత్తం చెప్పేవాడు. ప్రతిసారీ అదే సిగ్గుతో చెప్పేవాడు, అలవాటు మీద గొంతు తేలికపడటం నేను వినలేదు.

మొన్న ఒక లారీ డ్రైవరు దూరపు ప్రయాణానికి బయల్దేరుతూ నూనెలో కలిపిన కుంకుమ తెచ్చి, నా మూడు గుంటల్లోనూ చక్కగా బొట్లు పెట్టాడు. తాతారావు చూసి లబలబలాడుతూ వచ్చాడు. తువ్వాలుతో తుడుస్తూ, "దణ్ణం పెట్టకు బాబూ, ఇది దేవుడు కాదు, నా తప్పు," అంటూ మొదలుపెట్టాడు. లోపల బాజీ ఏదో తలుపు రుద్దుతున్నాడు. కాగితం చప్పుడు గేటు దాకా వినిపిస్తూనే ఉంది. మేస్త్రి కథ చెప్పుకుంటూ, "వాడి చేతులు రక్తాలు కారుతున్నాయి, నేను చూళ్ళేదు..." అనే చోటికొచ్చాడు.

లోపల కాగితం చప్పుడు ఆగింది.

"ఇక చాల్లే బాబాయ్," అన్నాడు బాజీ. "టీ చల్లారిపోతంది, రా."

డ్రైవరుకి అందులో ఏమీ అర్థం కాలేదు. తువ్వాలు పట్టుకున్న మేస్త్రి చెయ్యి మాత్రం నా మధ్య బొట్టు మీద అలాగే ఉండిపోయింది. సగం తుడిచిన కుంకుమ ఇంకా నా మీద ఉంది. నూనె లోపలికి దిగిపోయింది, ఇక అది పోదు. కాసేపటికి ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, తన ముక్కుకి కుంకుమ అంటుకుందని కూడా చూసుకోకుండా, టీ తాగడానికి లోపలికెళ్ళాడు.